నీటివైపు బోర్డు

"వెతకడం ఆపేశారా మేడం?"

గదిలో కూర్చోబెట్టిన దగ్గర్నుంచీ బోటు నడిపే సరంగు అడుగుతున్నది ఆ ఒక్కమాటే. తనమీద ఏం కేసు పెట్టారో అడగలేదు. ముందు పెట్టిన మంచినీళ్ళ గ్లాసు ముట్టుకోలేదు.

"ఆపలేదు," అంది ఇన్‌స్పెక్టరు. "అసలు మొదలుపెట్టలేదు."

అబద్ధం చెప్పి ఊరడించడం ఆవిడకు చేతకాదు. మెరైన్ పోలీసులో చేరిన కొత్తలో ఎవరో ఎగతాళిగా నిదానం అని పేరు పెట్టారు. ఆవిడ కోప్పడలేదు, కాదనలేదు. ఇప్పుడు రేవులో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ నిదానం మేడమే.

జరిగిన సంగతి ఇది. ఆ పొద్దున్న చీకటి విడిచే వేళ, మంచు దట్టంగా పట్టి ఉండగా, రాళ్ళవరస దగ్గర ఒక చిన్న చేపల పడవను కాపలా బోటు గుద్దింది. పడవలో ఇద్దరున్నారు, మామా అల్లుడూ. మామ విరిగిన చెక్కను కరుచుకుని తేలుతుంటే వేరే పడవవాళ్ళు చూసి ఒడ్డుకు చేర్చారు. అల్లుడి జాడ లేదు. ఆ అల్లుడు ఈ సరంగుకు స్వయానా తమ్ముడు. గుద్దిన బోటును నడిపింది సరంగేనని ఇప్పుడు అభియోగం.

ఆ తీరానికున్న కాపలా బోటు అదొక్కటే. కొన్నది మత్స్యశాఖ. ఇంజను మార్పించింది నేవీ. డీజిలు పోయించేది కస్టమ్స్. బోటుకు చిక్కిన దొంగలను లాకప్పులో పెట్టి మూడు పూటలా మేపవలసింది మెరైన్ పోలీసు. ఒక వారం మత్స్యశాఖ సరంగు దాన్ని తిప్పుతాడు, మరుసటి వారం కస్టమ్స్ సరంగు. ఎవరి వారమైతే వాళ్ళ బోర్డు బోటుకు రెండు పక్కలా ఉంటుంది. మత్స్యశాఖది పచ్చ, కస్టమ్స్‌ది నీలం.

నిన్న సాయంత్రం బోటు మత్స్యశాఖ చేతిలోంచి కస్టమ్స్ చేతిలోకి వెళ్ళింది. వెళ్ళిపోయింది, ఇక తనకు సంబంధం లేదని మత్స్యశాఖ మనిషైన ఈ సరంగు అంటున్నాడు. తాళం ఒక్కటే వచ్చింది, పొద్దున తిరిగొచ్చేదాకా బోటుకు రెండువైపులా పచ్చబోర్డులే ఉన్నాయి, ఇతనే తన దగ్గర దాచుకున్న రెండో తాళంతో బోటు తీశాడని కస్టమ్స్ సరంగు వాంగ్మూలం ఇచ్చాడు. నీళ్ళలోంచి బతికి బయటపడ్డ మామ కూడా పచ్చబోర్డునే చూశానన్నాడు.

"నీకూ నీ తమ్ముడికీ మాటల్లేవట."

"లేవు."

"ఎందుకని?"

"వేట నిషేధం రోజుల్లో వల వేశాడు మేడం. నా వంతు వారంలోనే. పట్టుకున్నాను. వల తెచ్చి ఆఫీసులో పడేశాను." సరంగు చేతులు ఒడిలో పెట్టుకుని వాటివంకే చూస్తున్నాడు. "సొంత తమ్ముణ్ణి వదిలేస్తే రేపు ఇంకొకడి వల మీద ఏ మొహం పెట్టుకుని చెయ్యి వేస్తాను?"

"అతనేమన్నాడు?"

"ఏమీ అనలేదు. అదే బాధ. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. చిన్నోడు అలిగితే నోరు మూసేస్తాడు. చిన్నప్పుడూ ఇంతే. మా అమ్మ బతిమాలినా కంచం దగ్గరికి వచ్చేవాడు కాదు. నేను వెళ్ళి పక్కన కూచుంటే..." మాట అక్కడ ఆగిపోయింది.

నిదానం మేడం తొందరపెట్టలేదు. కిటికీ అవతల మోటారు మెకానిక్కు ఎవరో రేకు మీద సుత్తితో కొడుతున్నాడు. ఆ చప్పుడు ఆగాక మళ్ళీ అడిగింది.

"నిన్న తాళం ఇచ్చాక వెంటనే వెళ్ళిపోయావా?"

"లేదు మేడం. సామాన్లు దింపుకున్నాం. స్టవ్వు, గ్లాసులు, దుప్పట్లు. మా వస్తువులు మావి, వాళ్ళవి వాళ్ళవి. వారం వారం అద్దె ఇల్లు ఖాళీ చేసినట్టే మా బతుకు."

"బోర్డులు కూడా విప్పుకున్నారా?"

"దిగేవాళ్ళం విప్పం. ఎక్కేవాళ్ళే మార్చుకోవాలి, అదీ పద్ధతి."

"మార్చుకున్నారా?"

"గట్టువైపుది మార్చారు. నేను చూస్తుండగానే."

"రెండోవైపుది?"

సరంగు మొదటిసారి తలెత్తాడు. అంత పెద్ద నిందకు చలించని మనిషి ఈ చిన్న ప్రశ్నకు ఇబ్బందిపడ్డాడు.

"నీటివైపుది మార్చాలంటే తెప్ప దింపి, దానిమీద నిలబడి బోల్టులు విప్పాలి మేడం. చీకటి పడే వేళ ఎవరు దిగుతారు? తెల్లారాక చూద్దాంలే అన్నాడు కస్టమ్స్ సరంగు. వాళ్ళనేముంది, మేమూ అంతే చేస్తాం. పైవాళ్ళకు తెలీదు. తెలిస్తే అందరికీ మొట్టికాయలే."

"అంటే రాత్రంతా బోటుకు ఒక పక్క నీలం, ఒక పక్క పచ్చ."

"గట్టు మీదనుంచి చూసేవాళ్ళకు నీలమే కదా మేడం. నీళ్ళవైపునుంచి చూసేదెవరు?"

"ఈ మాట పొద్దున్న కస్టమ్స్ ఆయనతో చెప్పావా?"

"తమ్ముడు నీళ్ళలో ఉంటే బోర్డుల గొడవ ఎవరికి గుర్తొస్తుంది మేడం?"

అప్పుడే తలుపు తోసుకుని కస్టమ్స్ సూపరింటెండెంటు లోపలికి వచ్చాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. బూట్లనిండా దుమ్ము. చంకలో ఎప్పటిలాగే చిన్న తోలుసంచి, అందులో లక్క, దారం, ముద్ర. ఆయన కంటబడినదానికల్లా సీలు వేస్తాడని రేవులో సీలు సారు అంటారు. ఆఫీసులో ఎవరో తింటున్నారని తన టిఫిన్ డబ్బాకు కూడా ఒకసారి సీలు వేశాడని చెప్పుకుంటారు. అది నిజమేనని ఆయన గుమాస్తా ఒట్టు వేస్తాడు.

"ఇంకా కబుర్లేనా? మూడింటికి మేజిస్ట్రేటు కూర్చుంటాడు. వీణ్ణి నాకు అప్పజెప్పండి."

"నడిచొచ్చినట్టున్నారే."

"జీపు పుణ్యానికి పోయింది. ఎండలో ఈడ్చుకుంటూ వచ్చాను. సంతోషమా?"

"కూర్చోండి. మంచినీళ్ళు తాగండి." సరంగు ముట్టుకోని గ్లాసును ఆవిడ ఆయనవైపు జరిపింది. "బోటుకు వేసిన సీలు తియ్యండి. రాళ్ళు దాటి వెళ్ళి వెతకాలి."

"అది సాక్ష్యం. సాక్ష్యాన్ని సముద్రంలో షికారు తిప్పుతారా?"

"చేపల పడవలు నాలుగు వెళ్ళాయి. రాళ్ళ దగ్గర సుడికి తట్టుకోలేక తిరిగొచ్చాయి. అవతలికి పోగలిగింది ఈ బోటొక్కటే."

"నేవీని అడగండి."

"అడిగాను. ప్రమాదమైతే వెతకడం మా పని, నేరమైతే పోలీసుల పని అన్నారు. నేరమని వాళ్ళకు కాయితం పంపింది మీరే."

"నేరం కాబట్టి పంపాను."

"మీరు నేరమన్నారు, వాళ్ళు ఆగిపోయారు. సాక్ష్యమన్నారు, బోటు ఆగిపోయింది. ఆ మనిషి మాత్రం ఎక్కడున్నాడో అక్కడే ఉన్నాడు."

"నిదానం మేడం," సాగదీశాడు సీలు సారు. "పొద్దుననగా మునిగిన మనిషి. పేరుకు తగ్గట్టు తీరుబడిగా మీరిప్పుడు బయల్దేరితే దొరికేది ఏమిటో మీకు తెలీదా? ఇతని ముందు అనడం బాగుండదు గానీ..."

"అనండి సార్," అన్నాడు సరంగు. గొంతులో కోపం లేదు. "ఏదైనా సరే తెచ్చి మా మరదలికి చూపించాలి. గుమ్మంలో కూచుని ఉంది. అటు ఏడవలేదు, ఇటు లేవలేదు. ఏం చెప్పమంటారు దానికి?"

సీలు సారు గ్లాసెత్తి నీళ్ళు తాగాడు. కొంచెం ఎక్కువసేపే తాగాడు.

"ఒక బేరం," అంది నిదానం మేడం. "బోటును ఒకసారి చూస్తాను. సీలు మీరే తియ్యండి, నా పక్కనే నిలబడండి. ఏమీ తేలకపోతే మూడింటికి ఇతన్ని నేనే తెచ్చి మీ చేతిలో పెడతాను. బోటు మాట మళ్ళీ ఎత్తను."

"తేలితే?"

"బోటు నాకివ్వాలి."

"ఈ వారం కస్టమ్స్ వంతు," అన్నాడాయన అలవాటుకొద్దీ. అని, తనే ఇబ్బందిగా లేచాడు. "సరే రండి. నేను జెట్టీ దగ్గర ఉంటాను."

వసారాలో బెంచీ మీద ఇద్దరున్నారు. ఒకాయన భుజాలమీద తువ్వాలు కప్పుకున్న పెద్దమనిషి, పొద్దున నీళ్ళలోంచి తేలిన మామ. పక్కన సరంగు భార్య. ఆయన అరచేయి చర్మం చెక్కకు గీసుకుని లేచిపోయింది. ఆమె ఆ చేతిని తన మోకాలి మీద పెట్టుకుని గుడ్డ చుడుతోంది.

"ఊరికే లాక్కోకు బాబాయ్. జారిపోతోంది."

"నీ మొగుడు నా కూతురి కొంప ముంచాడు. నువ్వొచ్చి చెయ్యి పట్టుకుంటావు."

"మా ఆయన ముంచలేదు. నువ్వు ఎంత తిట్టినా అదే చెబుతాను. ముందు కట్టు కట్టించుకో, తర్వాత తీరిగ్గా తిడుదువుగాని."

"అబ్బా! గట్టిగా లాగకే తల్లీ!"

"తిట్టినవాళ్ళకు గట్టిగానే కడతాను."

పెద్దాయన నవ్వబోయి, అల్లుడు గుర్తొచ్చి, ముఖం పక్కకు తిప్పేసుకున్నాడు. నిదానం మేడం వచ్చి ఆయనకు అవతలివైపు కూర్చుంది. తెల్లటి గుడ్డ మీద పసుపు పూలు. వాటిలో ఒక పూవు మీద అప్పుడే ఎర్రమరక ఊరుతోంది.

"మంచి గుడ్డలా ఉందే," అంది.

"మా ఇంటి పాత కర్టెను మేడం. పేలికలు చింపి చుట్టలు చుట్టి ఉంచుకుంటాను. ఆ బోటులో మందులపెట్టె ఉంది చూశారూ, అందులో దూది కూడా ఉండదు. స్టవ్వు మాదంటారు, దుప్పటి మాదంటారు. పెట్టె మాత్రం అందరిదీనట, అందుకని ఎవరూ నింపరు. మా ఆయన వేలు తెగి ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ నేనే ఒక చుట్ట పంపిస్తున్నాను."

"ఇప్పుడు ఉందా అందులో?"

"ఉంది. నిన్న దిగేటప్పుడు తెచ్చేయనా అని ఫోన్లో అడిగాడు. ఉండనీ, ఆ నీలంబోర్డు వాళ్ళకు మాత్రం దెబ్బలు తగలవా అన్నాను."

నిదానం మేడం ఆ పూలగుడ్డవంక చూసింది. తర్వాత పెద్దాయనవైపు తిరిగింది.

"పెద్దాయనా, ఇంకొక్కసారి చెప్పండి. బోటు ఎలా వచ్చింది?"

"ఎన్నిసార్లు చెప్పాలమ్మా? దీపం లేదు. మంచులోంచి గోడలాగా వచ్చింది. అరిచేలోపలే గుద్దింది. నేనిటు పడ్డాను, వాడటు పడ్డాడు. పైకి తేలేసరికి మా ఇద్దరి మధ్యా ఆ బోటే ఉంది."

"ముక్కు ఎటుంది దానికి?"

"సముద్రం వైపే. కుడిపక్క నాకు ఎదురుగా ఉంది. పచ్చబోర్డు. నీళ్ళు మింగుతున్నా కళ్ళు పనిచేశాయమ్మా. నేను వాడి అన్నమీద పగ పెట్టుకుని చెప్పడంలేదు."

"మీరు అబద్ధం చెప్పారని నేననను. తర్వాత?"

"ఇంజను ఆగింది. అరుద్దామంటే గొంతులో నీళ్ళు. అవతల ఏదో చప్పుడు, తాడో ఏదో చెక్కకు కొట్టుకున్నట్టు. కాసేపటికి మళ్ళీ ఇంజను పెట్టి వెళ్ళిపోయింది." ఆయన కట్టుకట్టిన చేతిని గుండెకు ఆనించుకున్నాడు. "ఆగి, చూసి మరీ వెళ్ళిపోయారు. మనుషులేనా వాళ్ళు?"

"అవతలివైపు మీకేమైనా కనిపించిందా?"

"బోటు అడ్డం గదమ్మా."

ఆవిడ లేచింది. సరంగు భార్యను అడిగి గుడ్డపేలిక ఒకటి తీసుకుని జేబులో పెట్టుకుంది.

"మీకెక్కడ తగిలింది మేడం?" అంది ఆమె కంగారుగా.

"ఎక్కడా తగల్లేదమ్మా. దగ్గర ఉంచుకుంటాను."

జెట్టీకి బోటును ఎప్పుడూ ఎడమపక్కే ఆనించి కడతారు. రాపిడి తగలకుండా పాత టైర్లు ఆ పక్కనే వేలాడదీశారు. రెండోపక్కకు కూడా టైర్లు కొనమని మత్స్యశాఖ కస్టమ్స్‌ను, కస్టమ్స్ నేవీని అడుగుతూ వచ్చాయి. అందువల్ల గట్టువైపు అంటే ఎప్పుడూ ఎడమ, నీటివైపు అంటే ఎప్పుడూ కుడి.

సీలు సారు గొడుగు కింద నిలబడి ఉన్నాడు. నిదానం మేడం గట్టువైపు నీలంబోర్డు ముందు ఆగింది. పొద్దున సముద్రం చల్లిన తుంపర ఎండకు ఆరి బోర్డు మీద సన్నటి తెల్లపొరగా మిగిలింది. ఆవిడ వేలితో అడ్డంగా ఒక గీత గీసింది. గీత కింద నీలం మెరిసింది. ఆ వేలిని నాలుకకు తాకించుకుంది.

"ఉప్పు," అంది.

"సముద్రంలో తిరిగే బోటుకు పంచదార పడుతుందా?"

ఆవిడ తెప్ప దింపించింది. కానిస్టేబులు దిగబోతే వద్దని, బూట్లు విప్పి తనే దిగింది. తెప్ప ఊగుతుంటే బోటు అంచు పట్టుకుని మెల్లగా చుట్టూ తిరిగి కుడిపక్కకు వెళ్ళింది. సీలు సారు గొడుగు మడిచి బోటు మీదికెక్కి, అంచుమీదనుంచి వంగి చూశాడు.

కుడిపక్క కూడా బోటు ఒంటినిండా ఉప్పు పొరే. కిటికీల కింద చారలు కట్టింది. బోర్డు అంచుదాకా పట్టి ఉంది. బోర్డు మీద మాత్రం ఏమీ లేదు. అప్పుడే తుడిచిన అద్దంలాగా నీలంగా ఉంది. బోల్టుల తలలకు కొత్త గీతలు పడ్డాయి. ఆ గీతల్లో ఉప్పు రేణువు కూడా లేదు.

"గాలి ఇటువైపు తగిలి ఉండదు," అన్నాడు పైనుంచి సీలు సారు.

"గాలి తగలకపోతే ఈ గోడకంతా ఉప్పెలా పట్టింది సార్? గోడంతా పట్టి, బోర్డు ఒక్కదాన్నీ వదిలేసిందా?"

ఆయన ఇంకొంచెం వంగి బోర్డు అంచు చూశాడు.

"మీ సరంగు వాంగ్మూలం మీరే రాసుకున్నారు. ఏమన్నాడు?"

"బోటు పోయేటప్పుడు రెండూ పచ్చబోర్డులే. తిరిగొచ్చాక తనే రెండూ విప్పి మావి పెట్టానన్నాడు."

"అయితే రెండు నీలంబోర్డులూ ఈ బోర్డులాగా శుభ్రంగా ఉండాలి. గట్టువైపుది సముద్రం వెళ్ళొచ్చింది. ఇది వెళ్ళలేదు. పెద్దాయన చూసిన పచ్చబోర్డు ఇక్కడ ఉండేది. ఆయన పడ్డది ఈ పక్కనే. అదే సమయానికి అవతలిపక్క మీ నీలంబోర్డు ఉంది."

సీలు సారు మొండివాడే గాని తెలివితక్కువవాడు కాడు.

"ఉండనీ. నిన్న సాయంత్రం మావాళ్ళు ఒక్కటే మార్చారనుకుందాం. రాత్రి మీ దగ్గరున్న సరంగు రెండో తాళంతో వచ్చి, సగం మారిన బోటునే తీసుకుపోకూడదా? మావాడు బద్ధకించానని ఒప్పుకోవడానికి భయపడి ఉంటాడు. నేనంటే భయం వాళ్ళకు."

"భయపడ్డవాడు చిన్న తప్పు ఒప్పుకుని పెద్దది దాస్తాడు. మీవాడు తిరగేసి చేశాడు. ఒక బోర్డు మార్చలేదని చెబితే సరిపోయేదానికి, రెండూ మార్చలేదని తనంతట తనే మీ ముందు ఒప్పుకున్నాడు. ఎందుకు? ఒక్క నీలంబోర్డు ఉన్నా సరే, ఆ బోటు అప్పటికే తన చేతిలో ఉన్నట్టు. అది మీకు తట్టకూడదు."

తెప్ప కింద నీళ్ళు చప్పుడు చేశాయి. సీలు సారు చెయ్యి చాచాడు. ఆ చెయ్యి పట్టుకుని ఆవిడ పైకెక్కింది.

"లోపల చూద్దాం," అన్నాడాయన. గొంతులో ఇందాకటి సాగదీత లేదు. కేబిన్ తలుపుకు తను వేసిన లక్కముద్రను తనే గోటితో విరిచాడు.

కేబిన్‌లో కస్టమ్స్‌వాళ్ళ స్టవ్వు, వాళ్ళ గ్లాసులు, మడతపెట్టిన వాళ్ళ దుప్పట్లు ఉన్నాయి. మూడు మేకులకు మూడు గ్లాసులు, మూలన రెండు దుప్పట్లు. నిదానం మేడం వాటిని దాటి, బోటు నడిపే చక్రం వెనక గోడకున్న రేకుపెట్టె దగ్గర ఆగింది. మూతమీద ఎర్రగుర్తు సగం చెరిగిపోయింది.

"తెరవండి సార్. మీరే తెరవండి."

లోపల ఎండిపోయిన మందుసీసా ఒకటి, తుప్పుపట్టిన కత్తెర ఒకటి.

"ఎప్పుడూ ఇంతే," అన్నాడు సీలు సారు. "మూడు ఆఫీసులకూ రాసి రాసి విసుగొచ్చింది."

"నిన్న సాయంత్రం ఇందులో కట్టుగుడ్డ చుట్ట ఒకటి ఉంది. మత్స్యశాఖ సరంగు భార్య పంపింది. మీవాళ్ళకు పనికొస్తుందని దింపకుండా వదిలేశారు."

"మావాళ్ళు వాడుకుని ఉంటారు."

"ఎవరికి తగిలింది?"

ఆయన మేకుల మీది గ్లాసులవంక చూశాడు. "బోటు మీద పనిచేసే మావాళ్ళు ముగ్గురూ పొద్దున్న నా ముందు నిలబడ్డారు. ఎవరికీ గీత కూడా లేదు."

"దుప్పట్లు రెండే ఉన్నాయి. మనుషులు ముగ్గురు." నిదానం మేడం పెట్టె మూత మెల్లగా వేసింది. "నీళ్ళలో పడ్డది ఇద్దరు. ఒకాయన కుడిపక్క పడ్డాడు, మా వసారాలో కూర్చున్నాడు. రెండోవాడు ఎడమపక్క పడ్డాడు. ఇంజను ఆగిందనీ, అవతల తాడు చెక్కకు కొట్టుకుందనీ ఆ పెద్దాయనే చెప్పాడు. చచ్చినవాడికి ఎవరూ కట్టు కట్టరు సార్."

సీలు సారు చక్రాన్ని పట్టుకున్నాడు.

"పైకి లాగారు. బతికే ఉన్నాడు. లాగాక కళ్ళు తెరిచి ఉంటాడు, వాళ్ళ ముఖాలు చూసి ఉంటాడు. దీపం ఆర్పుకుని ఆ వేళ ఎక్కడికి పోతున్నారో వాళ్ళకే తెలియాలి. వదిలెయ్యడానికి లేదు, ఆసుపత్రికి తేవడానికీ లేదు." ఆవిడ జేబులోంచి పేలిక తీసి ఆయన చేతిలో పెట్టింది. "ఆ చుట్ట ఈ గుడ్డదే. ఇలాంటి కట్టు ఎక్కడైనా కనబడితే మీవాళ్ళను చెప్పమనండి. ఆ మనిషి అక్కడుంటాడు."

ఆయన పేలికవంక చూశాడు. తిప్పి చూశాడు. బొటనవేలితో పసుపు పూవును రుద్దాడు. తర్వాత సరంగు కూర్చునే ముక్కాలిపీట మీద కూర్చుండిపోయాడు.

"సార్?"

"పొద్దున్నే మా సరంగు క్వార్టర్సుకు వచ్చాడు. ఇంకా ఈ గొడవ నాదాకా రాలేదు. గోదాములో కూలీ ఒకడు మెట్లమీదనుంచి పడ్డాడు, పక్క ఊరి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి, జీపు ఇప్పించండన్నాడు." ఆయన పేలికను ఒళ్ళో పరిచాడు. "వెనకసీట్లో పడుకోబెట్టారు. దుప్పటి గడ్డందాకా కప్పి ఉంది, ముఖం సీటువైపు తిరిగి ఉంది. నుదుటిమీద కట్టు. తెల్లగుడ్డ, పసుపు పూలు. ఎవరిదో ఇంట్లో గుడ్డ చింపి కట్టారు, మంచివాళ్ళు అనుకున్నాను."

నిదానం మేడం ఫోన్ చెయ్యమని మాత్రం అంది.

ఆయన పెద్దాసుపత్రికి ఫోన్ చేశాడు. పొద్దున్నుంచి రేవు కూలీ ఎవరూ రాలేదన్నారు. మళ్ళీ చూడమన్నాడు. మళ్ళీ చూసి అదే చెప్పారు. జీపు డ్రైవరుకు చేశాడు. ఫోన్ ఆపేసి ఉంది.

"డ్రైవరు ఎలాంటివాడు?"

"మా సరంగు బావమరిది. అతను చెబితేనే నేను పెట్టుకున్నాను."

"మీ సరంగు ఇప్పుడెక్కడున్నాడు?"

సీలు సారు చేతిలో పేలికను మడిచాడు, విప్పాడు.

"వాంగ్మూలం రాసిచ్చాక సెలవడిగాడు. ఆ కూలీని ఒకసారి చూసొస్తానన్నాడు. పాపం, ఎంత జాలిగుండె అనుకుని పంపాను."

"అప్పుడు ఫోన్లో ఎవరితోనైనా మాట్లాడాడా?"

"మాట్లాడాడు. నా టేబుల్ ముందే నిలబడి. నేనొచ్చేదాకా ఏమీ చెయ్యకండి అన్నాడు. డాక్టర్లతో అనుకున్నాను."

తిరిగి వెళ్ళేటప్పుడు నిదానం మేడం నడక ఎప్పుడూ లేనంత వేగంగా ఉంది. సీలు సారు గొడుగు బోటులోనే మర్చిపోయాడు.

వాళ్ళను చూడగానే సరంగు భార్య బెంచీ మీదనుంచి లేచింది.

"బోటు బయల్దేరుతోందా మేడం?"

"లేదమ్మా. ఇక బోటుతో పనిలేదు."

ఆమె నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. పెద్దాయన కట్టుకట్టిన చేత్తోనే బెంచీ పట్టుకున్నాడు. గదిలోంచి సరంగు గుమ్మందాకా వచ్చి నిలబడ్డాడు. కాపలా కానిస్టేబులు అతన్ని ఆపబోయి, మేడం ముఖం చూసి ఊరుకున్నాడు.

"అలా అనుకోకండి," అంది నిదానం మేడం. "సముద్రంలో లేడు. పొద్దున్నే ఒడ్డుకు వచ్చాడు, ప్రాణాలతోనే. నువ్విచ్చిన గుడ్డే కట్టారు అతనికి."

"మరి ఎక్కడున్నాడు?" అన్నారు ముగ్గురూ ఒక్కసారే.

ఆవిడ పక్కకు చూసింది. ఆ జవాబు తను చెప్పవలసింది కాదు.

సీలు సారు తోలుసంచి చంకలోంచి తీసి బెంచీ మీద పెట్టాడు. అది లేకుండా ఆయన చేతులు ఎటు పెట్టుకోవాలో తెలియనట్టున్నాయి.

"నా జీపులో," అన్నాడు. "ఎక్కించి పంపింది నేనే."

మెకానిక్కు సుత్తి చప్పుడు మళ్ళీ మొదలైంది. సరంగు ఆయన్ను తిట్టలేదు. కనీసం ఎందుకని కూడా అడగలేదు. వంగి, గుమ్మం పక్కన విడిచిన చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు.

"ఏ దారిన పంపారు సార్?"